గడ్డి మిషను ప్లాస్టిక్ గొట్టం పగిలితే: రేకుతో గట్టిది ఎలా చేయించి బిగించుకోవాలి

మూడు బర్రెలున్న ఇంట్లో కూడా ఇప్పుడు గడ్డి కత్తిరించే మిషను ఉంటోంది. రెండు, మూడు హెచ్‌పీ మోటారుతో వచ్చే ఈ చిన్న చాఫ్ కట్టర్లలో కొన్నింటికి గడ్డి ముక్కల్ని బయటికి చిమ్మే గొట్టం ప్లాస్టిక్‌ది ఇస్తారు. కొత్తలో బాగానే పనిచేస్తుంది. కనిగిరి, పొదిలి, ఉదయగిరి వైపు ఎండలకు కొన్ని వేసవులు ఆరుబయట ఉంటే మాత్రం రంగు వెలిసిపోతుంది. గోటితో గీకితే తెల్లటి పొడి రాలుతుంది. ఆ దశకు వచ్చిన ప్లాస్టిక్‌కు సాగే గుణం పోయినట్టే. రోహిణీ కార్తెలో నిలబడ్డా, తర్వాత ఏదో ఒక పొద్దున జొన్న చొప్ప వేస్తుంటే పటుక్కున పగులుతుంది.

పగిలాక చాలామంది గొట్టం పీకి పక్కన పడేసి, మిషనును అలాగే నడిపిస్తారు. దయచేసి ఒక్క పూట కూడా ఆ పని చేయకండి. గొట్టం ఉన్నది గడ్డిని తట్టలో పోయడానికి మాత్రమే కాదు, మీ చేతికీ బ్లేడుకీ మధ్య దూరం ఉంచడానికి కూడా. గొట్టం తీసేస్తే తిరిగే బ్లేడు బయటి మనిషికి జానెడు దూరంలోకి వచ్చేస్తుంది. అడ్డుపడిన పచ్చిగడ్డిని లాగుదామని చెయ్యి దానంతటదే అటు పోతుంది. గడ్డిలో కలిసొచ్చిన గులకరాయి నేరుగా మొహం మీదికి వస్తుంది. కొత్త గొట్టం వచ్చేదాకా బర్రెలకు గడ్డి కొడవలితో కోసి వేసినా, నిలువు చొప్పే వేసినా నష్టం లేదు.

కంపెనీ గొట్టమే మళ్లీ తెప్పించుకోవచ్చు, కానీ అదీ అదే ఎండలో అలాగే పోతుంది. ఇనుప రేకుతో చేయించుకుంటే చాలా ఏళ్లు వస్తుంది. అయితే గట్టిగా ఉంటే చాలనుకుని మందపాటి రేకును ఎలా పడితే అలా వంచి బిగిస్తే గడ్డి లోపలే ఇరుక్కుంటుంది, మిషను ఊగుతుంది. లోపల దారి సన్నబడకూడదు, వంపు మెల్లగా తిరగాలి, మందం గడ్డి కొట్టే వైపు ఉండాలి. ఈ మూడూ కుదిరితే మిగతాదంతా మామూలు వెల్డింగ్ పనే.

పారేసే ముందు పగులు చూడండి

పాత గొట్టం ఎక్కడ పగిలిందో చూస్తే కొత్తదాన్ని ఎలా చేయించాలో తెలుస్తుంది. బోల్టు చిల్లుల దగ్గర మొదలై పైకి పాకిన పగులైతే కారణం అదురు. వాషరు లేకుండా బిగించినా, గొట్టం బరువంతా అడుగు అంచు మీదే వేలాడినా అక్కడే చీలుతుంది. ఇనుముతో చేయించినా ఇదే తప్పు చేస్తే అక్కడే మళ్లీ చీలుతుంది, కాకపోతే కాస్త ఆలస్యంగా.

వంపు వెనక వైపు పలుచబడి చిల్లు పడి ఉంటే అది అరుగుదల. బ్లేళ్ల చక్రం విసిరిన ముక్కలు నేరుగా వెళ్లి వంపు బయటి గోడకు కొట్టుకుంటాయి. వరిగడ్డిలో సిలికా ఎక్కువ, అందుకే అది బ్లేళ్లనూ రేకునూ ఆకురాయి పెట్టినట్టు అరగదీస్తుంది. కోవూరు, బుచ్చిరెడ్డిపాళెం వైపు పెన్నా కింద మాగాణి గడ్డి వాడేవాళ్లకు ఈ వెనక గోడే ముందు పోతుంది. మెట్ట ప్రాంతంలో సూపర్ నేపియర్, జొన్న ఎక్కువగా వేసేవాళ్లకు అరుగుదల తక్కువ, తడికి పట్టే తుప్పు ఎక్కువ.

గొట్టం అడుగున లోపలివైపు బ్లేడు గీతలు కనిపిస్తే మాత్రం ఆగండి. చక్రం పక్కకు జరుగుతోందన్నమాట. బేరింగు అరిగి ఉండాలి, లేదా చక్రాన్ని ఇరుసుకు బిగించే బోల్టు వదులై ఉండాలి. అది సరిచేయకుండా ఇనుప గొట్టం బిగిస్తే ఇనుము ఇనుమునే కొడుతుంది, బ్లేడు ముక్క ఎటు ఎగురుతుందో చెప్పలేం. మొదట మెకానిక్‌కు చూపించండి, గొట్టం సంగతి తర్వాత.

ప్లాస్టిక్‌ను అతికించి వాడుకోవచ్చా అని అడుగుతారు. డ్రమ్ములకు వాడే రకం ప్లాస్టిక్ అయితే దాని మీద ఏ బంకా నిలవదు, ఎం-సీల్ కూడా రెండు రోజులకే పెచ్చులా ఊడి వస్తుంది. పగులుకు అటూ ఇటూ చిల్లులు వేసి రాగి తీగతో కుట్టొచ్చు గానీ, ఆ తీగ ముక్క ఊడి గడ్డిలో కలిస్తే బర్రె ప్రాణానికే ముప్పు. ఆ సంగతి చివర్లో చెబుతాను.

ఏ రేకు, ఎంత మందం

షాపులో రేకును గేజి లెక్కన చెబుతారు. నంబరు పెరిగేకొద్దీ రేకు పలుచన. 20 గేజి దాదాపు ఒక మిల్లీ, 18 గేజి 1.2 మిల్లీ, 16 గేజి 1.6 మిల్లీ, 14 గేజి 2 మిల్లీ. 20 గేజి ఈ పనికి పలుచన. గడగడ మోగుతుంది, వెల్డింగ్‌కు చిల్లులు పడుతుంది. 14 గేజి అనవసరపు బరువు.

ఎంత బరువు పడుతుందో లెక్క చూడండి. గొట్టం కూర్చునే మిషను నోరు 6 అంగుళాల వెడల్పు, 5 అంగుళాల లోతు అనుకుందాం. గొట్టం రెండున్నర అడుగులు నిలువుగా లేచి, ఆపైన పావు వలయంలా వంగుతుంది. చుట్టుకొలత 22 అంగుళాలు, మధ్య గీత మీద పొడవు 42 అంగుళాలు. అంటే దాదాపు 0.6 చదరపు మీటర్ల రేకు. ఇనుప రేకు ఒక మిల్లీ మందానికి చదరపు మీటరుకు 7.85 కిలోలు తూగుతుంది. ఆ లెక్కన 18 గేజి అయితే ఐదున్నర కిలోల పైచిలుకు, 14 గేజి అయితే తొమ్మిదిన్నర కిలోల దగ్గర. పాత ప్లాస్టిక్ గొట్టం కిలో, కిలోన్నర ఉండొచ్చు. ఆ బరువుకు తయారైన చట్రం మీద పది కిలోలు ఎత్తున నిలబెడితే మిషను మొత్తం ఊగుతుంది.

అందుకే నా మాట ఇది: రెండు పక్క గోడలు, లోపలి గోడ 18 గేజి. గడ్డి కొట్టే బయటి గోడ ఒక్కటి 16 గేజి. దీనివల్ల పెరిగే బరువు అర కిలో చిల్లర మాత్రమే. అరిగే చోట మందం దొరుకుతుంది, మిగతాది తేలిగ్గా ఉంటుంది. తరుగు పోను ఎనిమిది కిలోల రేకు తీసుకుంటే సరిపోతుంది. పెద్ద షాపుల్లో మిగిలిన తుండు రేకులు కిలో లెక్కన అమ్ముతారు, వాటిలో ఏరుకోండి. తుప్పు పట్టి గుంటలు పడినవి వద్దు.

ఇక రకం. మామూలు ఇనుప రేకు చాలు. అల్లూరు, ఇందుకూరుపేట, కొత్తపట్నం లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఇనుము తొందరగా తింటుంది. అక్కడ చేతిలో డబ్బుంటే స్టీలు పెట్టుకోవచ్చు, అదీ 304 రకం. 202 చవక, కానీ ఉప్పుగాలికి దానికీ మచ్చలు వస్తాయి. జీఐ రేకు కొంటే మాత్రం వెల్డింగ్ చేయించకండి. పైన ఉన్న జింకు పూత మండి తెల్లటి పొగ వస్తుంది, అది పీల్చిన మనిషికి ఆ రాత్రి చలిజ్వరం వస్తుంది. పూత కాలిపోయిన అతుకు దగ్గరే తుప్పు కూడా మొదలవుతుంది. జీఐ వాడాలంటే అంచులు మడిచి రివెట్లు కొట్టాలి. ఒక హెచ్‌పీ మిషనుకు అది పరవాలేదు, అంతకు మించితే అదురుకు రివెట్లు వదులవుతాయి.

పాత నూనె డ్రమ్ములు కోసి చేద్దామనుకునేవాళ్లకు ఒక్క మాట. పురుగుమందు, రసాయనాల డ్రమ్ములు వద్దు. పశువు తినే గడ్డి వాటి మీదుగా పోకూడదు. డీజిలు, పెట్రోలు పోసిన డ్రమ్ముకు గ్యాస్ కటింగ్ పెడితే పేలుతుంది, ఖాళీదైనా సరే.

కరెంటు తీసి, పాతది విప్పడం

స్విచ్చి కట్టేయడంతో సరిపెట్టకండి. ప్లగ్గు పీకి, దాన్ని మీ కంటికి కనపడేచోట పెట్టుకోండి. నేరుగా వైరు కలిపి ఉంటే ఫ్యూజు తీసి జేబులో వేసుకోండి. మీరు మిషను వెనక ఉన్నారని తెలియక ఇంట్లో పిల్లవాడు స్విచ్చి వేయొచ్చు. తర్వాత బెల్టు తీసేయండి. బెల్టు లేకపోతే మోటారు తిరిగినా చక్రం తిరగదు. ఆఖరుగా చక్రానికీ చట్రానికీ మధ్య ఒక చెక్క దిమ్మ ఇరికించండి. బరువైన చక్రం కాబట్టి కరెంటు లేకున్నా చేత్తో చిన్నగా కదిలిస్తే బ్లేడు వేలిని కోసేస్తుంది. తోలు చేతిగుడ్డలు తొడుక్కోండి.

బోల్టులు ఎక్కువగా 13 నంబరు పానాకు వస్తాయి. తుప్పు పట్టి రాకపోతే కిరసనాయిలు గానీ డీజిలు గానీ గుడ్డతో అద్ది గంటసేపు వదిలేయండి. అయినా రాకపోతే నట్టును గ్రైండరుతో కోయించండి. సుత్తితో కొట్టి మిషను అంచును వంచుకోవద్దు, కొత్త గొట్టం కూర్చోవాల్సింది ఆ అంచు మీదే. విప్పిన ప్రతి నట్టూ, వాషరూ డబ్బాలో వేసి లెక్క చూసుకోండి. ఒక్కటి తగ్గినా మిషను కడుపులో పడిందేమో వెతికి తీయాలి.

విప్పేశాక నోటి చుట్టూ పేరుకున్న గడ్డి జిగురును పుల్లతో గీకి, గుడ్డతో తుడవండి. అంచు సమంగా ఉందో లేదో ఒక చెక్క స్కేలు పెట్టి చూడండి.

అట్టతో నమూనా

ఈ ఒక్క పనికి సాయంత్రం మొత్తం పట్టినా పట్టనివ్వండి. వెల్డింగ్ షాపు వాళ్లకు నోటితో కొలతలు చెబితే వాళ్లకు తోచినట్టు చేస్తారు. అట్ట నమూనా ఇస్తే మీకు కావాల్సినట్టు చేస్తారు. టీవీ గానీ ఫ్రిజ్ గానీ వచ్చిన మందపాటి అట్టపెట్టె ఒకటి దొరికితే చాలు.

మొదట నోటి అంచు మీద అట్ట ఆనించి, బొటనవేలితో గట్టిగా రుద్దండి. లోపలి అంచు, బోల్టు చిల్లులు అట్ట మీద అచ్చు పడతాయి. ఆ గీతల మీద కోయండి. కోసిన ముక్కను మళ్లీ నోటి మీద పెట్టి, చిల్లుల్లో బోల్టులు దూర్చి చూడండి. కుదిరిందంటే అడుగు పట్టీ నమూనా సిద్ధం. దాని మీద మోటారు ఏ వైపు ఉందో, పై ముఖం ఏదో రాసిపెట్టండి. తిరగేసి వెల్డింగ్ చేస్తే మొత్తం పనికిరాకుండా పోతుంది.

తర్వాత పక్క గోడ. పాత గొట్టం ముక్కలు ఉంటే నేల మీద ఒకదాని పక్కన ఒకటి పేర్చి, అట్ట మీద పెట్టి చుట్టూ గీయండి. మొదటి అర అడుగు ఏ వాలులో లేచిందో అది మాత్రం అస్సలు మార్చకండి. చక్రం గడ్డిని విసిరే దిశకు సరిపడా కంపెనీ వాళ్లు ఆ వాలు పెట్టారు. అది మారితే గడ్డి గోడకు కొట్టుకుని తిరిగి చక్రం మీదే పడుతుంది.

వంపును మాత్రం మీరు మెరుగు చేసుకోవచ్చు. ప్లాస్టిక్ గొట్టాల్లో కొన్నిటికి వంపు మోచేయిలా ఒక్కసారి తిరుగుతుంది. పొడి చొప్పకు అది సరిపోతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన దగ్గర ఈశాన్య రుతుపవనాల వానలు, అప్పుడు గడ్డి ఎప్పుడూ తడిగానే ఉంటుంది. తడి గడ్డి అలాంటి మూలలో ఆగి, వెనక వచ్చేదాన్ని ఆపి, నిమిషంలో గొట్టమంతా దట్టించుకుపోతుంది. అట్ట మీద ఒక మేకు గుచ్చి, దానికి దారం కట్టి, 5 అంగుళాల దూరంలో పెన్సిలు పెట్టి పావు వలయం గీయండి. అదే మేకు నుంచి 10 అంగుళాల దగ్గర ఇంకొకటి గీయండి. మొదటిది లోపలి గోడ, రెండోది బయటి గోడ. లోపలి వంపు ఇంతకంటే బిగువుగా ఉండకుండా చూసుకోండి. ఈ కొలతకు బయటి వంపు పొడవు 15 అంగుళాల ముప్పాతిక, లోపలిది 8 అంగుళాలకు కాస్త తక్కువ.

ఇంకొక సంగతి. కింద 6 అంగుళాల వెడల్పు ఉంటే పైకి వెళ్లేసరికి ఆరున్నర ఉండాలి. పైకి పోయేకొద్దీ అర అంగుళం విప్పారితే గడ్డి ఎక్కడా పట్టుకోదు. పైన సన్నం చేస్తే ఇంకా దూరం కొడుతుందని కొందరు షాపు వాళ్లు అంటారు. నీళ్ల పైపుకు ఆ మాట సరే, గడ్డికి అస్సలు పనికిరాదు.

నమూనా ముక్కలన్నీ బట్టలకు పెట్టే క్లిప్పులతో, టేపుతో కలిపి ఒక అట్ట గొట్టం కట్టి మిషను మీద నిలబెట్టి చూడండి. పాక దూలానికి తగులుతుందా, చివర తట్ట మీదికి వస్తుందా, తొట్టి పక్కన నిలబడి గడ్డి పెట్టేవాళ్ల మొహం వైపు తిరిగి ఉందా అన్నది అప్పుడే తెలుస్తుంది. పొడవు పాత గొట్టం కంటే తగ్గించకండి. పొట్టి గొట్టంలోకి చెయ్యి పెడితే బ్లేడు దాకా అందుతుంది.

వెల్డింగ్ షాపులో

ఒంగోలు, నెల్లూరు ఆటోనగర్ దాకా పోనక్కర్లేదు, మండల కేంద్రంలో గేట్లు, గ్రిల్సు చేసే షాపు ఏదైనా ఈ పని చేస్తుంది. సీఓటూ వెల్డింగ్ ఉన్న షాపు అయితే పలుచ రేకుకు చాలా మంచిది. మామూలు రాడ్డు వెల్డింగే అయితే 2.5 మిల్లీ, దొరికితే 2 మిల్లీ రాడ్డు వాడమని, కరెంటు తగ్గించమని చెప్పండి. మందపు రాడ్డుతో గేటుకు వేసినట్టు వేస్తే 18 గేజి రేకు కరిగి చిల్లులు పడుతుంది.

ముందు నాలుగు గోడల్నీ రెండేసి అంగుళాలకు ఒక చుక్క చొప్పున అంటించాలి. అప్పుడు మీ అట్ట నమూనాను పక్కన పెట్టి కొలత చూసుకోండి. ఈ దశలో తేడా ఉంటే సుత్తితో సరిచేయొచ్చు. కుదిరాక పూర్తి అతుకు. అది కూడా ఒకే గీతగా లాగకూడదు. ఇక్కడ అంగుళం, ఎదుటి గోడకు అంగుళం, పైన అంగుళం, ఇలా చోటు మార్చుకుంటూ వేయాలి. ఒకేచోట వేడెక్కితే రేకు మెలితిరిగిపోతుంది, అలా తిరిగిన రేకును ఎంత కొట్టినా సమం కాదు. వెల్డింగ్ అంతా బయటివైపే ఉండాలి.

గొట్టాన్ని రెండు ముక్కలుగా చేసి అతకాల్సి వస్తే కింది ముక్క అంచు లోపలికి, పై ముక్క అంచు బయటికి వచ్చేలా అతకాలి. గడ్డి పోయే దారిలో ఎదురు అంచు తగలకూడదు. వేలితో కిందినుంచి పైకి రాసి చూడండి, గోరు ఎక్కడా పట్టుకోకూడదు. పట్టుకున్నచోట గ్రైండరుతో నున్నగా తీయించండి.

అడుగున మిషను నోటికి బిగించే అంచు 25 మిల్లీ వెడల్పు, 5 మిల్లీ మందం పట్టీతో చేయిస్తే మంచిది. పట్టీ గొట్టానికి బయట ఉంటుంది, బోల్టులు కూడా బయటే ఉంటాయి, గడ్డి దారిలోకి ఏమీ రావు. చిల్లులు అర మిల్లీ, మిల్లీ పెద్దవిగా వేయిస్తే బిగించేటప్పుడు కాస్త జరుపుకోవడానికి వీలుంటుంది. మీ మిషనుకు ఇలాంటి అంచు లేక గొట్టం తొడుగులా దిగే రకమైతే, బోల్టు తల లోపలివైపు, నట్టు బయటివైపు ఉండాలి. వదులైన నట్టు బయట నేల మీద పడినా పరవాలేదు, చక్రం మీద పడకూడదు.

గొట్టాన్ని అటూ ఇటూ తిప్పుకునే ఏర్పాటు ఉన్న మిషను అయితే ఆ ఇనుప రింగును పాత గొట్టం నుంచి విప్పి కొత్తదానికి వాడుకోండి. కొత్త రింగు చేయించడం చెయ్యి తిరిగిన లేతు మెషీన్ పని.

చివర మూత ఒకటి పెట్టించండి. గొట్టం వెడల్పు, జానెడు పొడవు రేకు ముక్క, తలుపు బందు మీద పైకీ కిందికీ తిరిగేలా, పక్కన రెక్కల నట్టుతో కావాల్సినచోట ఆగేలా ఉండాలి. దాన్ని దించితే గడ్డి దగ్గర పడుతుంది, ఎత్తితే దూరం పోతుంది. అడ్డం పడినప్పుడు పూర్తిగా ఎత్తి పైనుంచి కర్రతో తీయొచ్చు. కొందరు అడుగున, బ్లేళ్లకు దగ్గరగా ఒక చిన్న తలుపు పెట్టించుకుంటారు, గడ్డి ఇరుక్కుంటే సులువని. అది వద్దే వద్దు. ఇరుక్కున్నప్పుడు తొందరలో మిషను ఆపకుండానే ఆ తలుపు తెరుస్తారు.

ఒక్క హెచ్చరిక. గొట్టాన్ని మిషనుకు బిగించాక అక్కడే వెల్డింగ్ చేయించకండి. వెల్డింగ్ కరెంటు ఇరుసు గుండా, బేరింగు గుండా పోతే బేరింగు గోళీల మీద చిన్న చిన్న గుంటలు పడతాయి, కొన్నాళ్లకే అది గరగరమంటుంది. ఏ అతుకు ఉన్నా విప్పి, కింద పెట్టి వేయించండి.

రంగు బయట మాత్రమే

వెల్డింగ్ మీద పెచ్చును సుత్తితో కొట్టి, తీగ బ్రష్షుతో రుద్ది, బయటివైపు రెడ్ ఆక్సైడ్ ఒక పూత, అది ఆరాక ఎనామెల్ రెండు పూతలు వేయండి. లోపలికి ఏ రంగూ వద్దు. గడ్డి రాపిడికి రెండు రోజుల్లో అది పొరలుగా లేచి మేతలో కలుస్తుంది. నడుస్తున్న మిషనులో లోపలి గోడ గడ్డి రాపిడికే మెరుస్తూ ఉంటుంది, తుప్పు నిలవదు. పది రోజులు వాడకుండా ఉంచాల్సి వస్తే లోపల శుభ్రంగా తుడిచి వేరుశనగ నూనె గుడ్డతో ఒకసారి రాయండి. పాత ఇంజను ఆయిలు రాయడం మనవాళ్ల అలవాటు, తలుపు బందులకు రాసుకోండి గానీ మేత తగిలేచోట రాయకండి.

బిగించడం

అంచుకూ నోటికీ మధ్య పాత లారీ ట్యూబు నుంచి కోసిన రబ్బరు పట్టీ వేయండి. మోత తగ్గుతుంది, అదురు తగ్గుతుంది, సందుల్లోంచి దుమ్ము రాదు. రబ్బరు లోపలి అంచుకు రెండు మిల్లీలు తక్కువగానే ఉండాలి. లోపలికి పొడుచుకొస్తే గడ్డి అక్కడే పట్టుకుంటుంది.

బోల్టులు కొత్తవి కొనండి. 8 మిల్లీ బోల్టులు, తల మీద 8.8 అని రాసి ఉన్నవి, లోపల నైలాను రింగు ఉండే నైలాక్ నట్లు, రెండు వైపులా వెడల్పు వాషర్లు. ముందు అన్నిటినీ వేళ్లతో పెట్టి, తర్వాత ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాలి. ఒక మూల పూర్తిగా బిగించి తర్వాత రెండోదానికి వస్తే అంచు ఒరుగుతుంది.

ఆ తర్వాత ఆసరా పట్టీ. దీన్ని వదిలేస్తే మిగతాదంతా దండగ. గొట్టం నడుముకు ఒక చెవి వెల్డింగ్ చేయించి ఉంచుకుంటే, దాని నుంచి మిషను చట్రానికి 25 మిల్లీ వెడల్పు పట్టీ ఏటవాలుగా బిగించవచ్చు. బరువు ఎక్కువ భాగం అది మోస్తుంది, అడుగు బోల్టుల మీద లాగుడు పడదు. గోడకు గానీ పాక స్తంభానికి గానీ కట్టకండి, మిషను ఒకలా అదురుతుంది, స్తంభం కదలదు, మధ్యలో రేకు చీలుతుంది.

బెల్టు వేయక ముందే చెక్క దిమ్మ తీసేసి చక్రాన్ని చేత్తో మెల్లగా మూడు నాలుగు చుట్లు తిప్పండి. బ్లేళ్లకు దూరంగా, చక్రం అంచు పట్టుకుని. ఎక్కడా రాసుకునే చప్పుడు రాకూడదు. వచ్చిందంటే అంచు లోపలికి జరిగినట్టు, వదులు చేసి సర్దండి. తర్వాత బెల్టు వేసి మధ్యలో బొటనవేలితో నొక్కితే అర అంగుళం దిగేంత బిగువు పెట్టండి. బెల్టు మూత తీసి ఉంటే అది మళ్లీ బిగించే దాకా స్విచ్చి జోలికి పోకండి.

ఎర్తు సంగతి

ప్లాస్టిక్ గొట్టానికి కరెంటు పారదు, రేకు గొట్టానికి పారుతుంది. మూత సర్దడానికి మీరు దాన్ని రోజూ తడి చేత్తో పట్టుకుంటారు, కింద పేడనీళ్లు, పక్కన కట్టేసిన బర్రె. మోటారు వైరు ఎక్కడైనా కాలి బాడీకి తగిలిందంటే ఆ కరెంటు గొట్టం దాకా వస్తుంది. పశువు మనకంటే తక్కువ కరెంటుకే పడిపోతుంది, నాలుగు కాళ్లూ తడి నేల మీద ఉంటాయి కాబట్టి.

మూడు పిన్నుల ప్లగ్గు ఉండటం వేరు, దానికి ఎర్తు ఉండటం వేరు. కొట్టంలో బోర్డు దగ్గర మూడో వైరు అసలు ఎక్కడికి పోయిందో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. చాలా చోట్ల అది గోడలోనే ఆగిపోయి ఉంటుంది. పైపు పాతి, ఉప్పూ బొగ్గూ వేసిన ఎర్తు గుంత ఉండాలి, ఎండాకాలం దాంట్లో నీళ్లు పోస్తుండాలి. మెట్ట నేల ఎండితే ఎర్తు పనిచేయదు. దానితో పాటు 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే లైను తెంచేసే స్విచ్చి, ఒకటి పెట్టించుకోండి. గొట్టానికి పెట్టిన ఖర్చుతో పోలిస్తే ఎక్కువ అనిపించినా వెనకాడవద్దు. బిగించిన రబ్బరు వల్ల గొట్టానికీ మిషనుకూ మధ్య తగులు సరిగా ఉండదు కాబట్టి ఆసరా పట్టీ బోల్టు దగ్గర రంగు గీకి, ఇనుముకు ఇనుము తగిలేలా బిగించండి.

మొదటి గడ్డి పశువుకు వేయకండి

గొట్టం వైపు ఎవ్వరూ లేకుండా చూసి, మీరు పక్కకు నిలబడి, ఖాళీ మిషనును రెండు నిమిషాలు తిప్పండి. ఆపి, చక్రం పూర్తిగా ఆగాక, బోల్టులన్నీ మరోసారి బిగించండి. ఒక్కో నట్టు మీదుగా రేకు మీదికి పెయింటుతో సన్నగా ఒక గీత గీయండి. తర్వాత ఎప్పుడైనా ఆ గీత విరిగినట్టు కనిపిస్తే నట్టు తిరిగిందని దూరం నుంచే తెలుస్తుంది.

ఇప్పుడు పొడి వరిగడ్డి రెండు చేతుల నిండా వేయండి. బయటికొచ్చిన ఆ గడ్డిని తీసుకెళ్లి పేడదిబ్బలో వేయండి. పశువుకు వద్దు. వెల్డింగ్ గుండ్లు, గ్రైండరు రవ్వలు, తీగ బ్రష్షు నుంచి ఊడిన తీగలు ఎంత తుడిచినా కొన్ని లోపల అంటుకుని ఉంటాయి. ఆవు, బర్రె మేతను ఏరుకుని తినవు, నాలుకతో చుట్టి మింగేస్తాయి. మింగిన ఇనుప ముక్క పొట్టలో రెండో అరలో ఆగిపోతుంది. దానికి ఎదురుగా పొరకు అవతలే గుండె. పదునైన తీగ అయితే పొట్ట కదిలినప్పుడల్లా ముందుకు గుచ్చుకుంటూ పోయి గుండె పొరకు చీము పట్టిస్తుంది. పాలు ఒక్కసారిగా తగ్గడం, మెడ కింద నీరు దిగడం, లేవడానికి, వంగడానికి మూలగడం దాని గుర్తులు. అప్పటికి డాక్టరు వచ్చినా చేయగలిగింది తక్కువ.

పాత స్పీకరు నుంచి తీసిన అయస్కాంతం ఒకటి గుడ్డలో చుట్టి, తాడు కట్టి, మిషను ఆపి ఉన్నప్పుడు పైనుంచి గొట్టంలోకి దించి నాలుగు గోడలకూ ఆనిస్తూ పైకి లాగండి. గుడ్డకు ఏమేం అంటుకుందో చూడండి. ఏమీ అంటుకోని దాకా ఇలాగే చేయండి. తర్వాతి రెండు మూడు రోజులు కత్తిరించిన మేత మీద కూడా అదే అయస్కాంతాన్ని ఒకసారి తిప్పి వేయండి.

పొడి గడ్డి బాగా పోతే పచ్చి జొన్న, ఆ తర్వాత తడి నేపియర్ వేసి చూడండి. ఎక్కడైనా ఆగుతుంటే ముందు బ్లేళ్ల పదును చూడండి. మొండి బ్లేడు గడ్డిని కోయకుండా నలుపుతుంది, నలిగిన పీచు ఎంత మంచి గొట్టంలో అయినా చుట్టుకుంటుంది. పదునుగా ఉండి కూడా ఆగితే వంపు మొదట్లో అతుకు దగ్గర ఎదురు అంచు మిగిలిందేమో చూడాలి. ఇరుక్కున్న గడ్డి తీయాలంటే ప్లగ్గు పీకాలి, చక్రం ఆగాలి, అప్పుడు కర్ర.

ఇక నెలకోసారి పెయింటు గీతలు చూడటం, వానలకు ముందు బయట రంగు ఊడినచోట రెడ్ ఆక్సైడ్ అద్దడం, ఇవే పనులు. ఏడాదికోసారి గొట్టం విప్పి, వంపు బయటి గోడను చిన్న సుత్తితో తట్టుతూ రండి. మిగతా చోట ఖంగుమని, ఒకచోట మెత్తగా మోగితే అక్కడ రేకు పలుచబడింది. చిల్లు పడే దాకా ఆగకుండా, పైనుంచి అదే వంపుకు సరిపడా 16 గేజి ముక్క ఒకటి అతికించండి. గొట్టం మొత్తం మార్చనక్కర్లేదు.